బెల్టు లేని బ్యాగ్

కొత్త కారు కొనేవాళ్ళు ఇప్పుడు షోరూములో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయి? పదిహేనేళ్ళ కిందట ఈ మాట వినబడేది కాదు. మైలేజీ ఎంత, ఏసీ బాగా పనిచేస్తుందా, ఏ రంగులున్నాయి, అంతటితో బేరం తెగేది. కాబట్టి ఇది మంచి మార్పే. చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. రెండున్న కారు వద్దని, ఆరున్నదానికి లక్ష ఎక్కువ కట్టిన పెద్దమనిషి అదే కారులో ఊరెళ్తూ వెనక సీట్లో భార్యాపిల్లలకి బెల్టు పెట్టించడు. తనవరకూ టోల్‌గేటు దగ్గర పోలీసులు కనబడితే భుజం మీదికి లాక్కుని, దాటగానే వదిలేస్తాడు. అలారం టింగు టింగుమని విసిగిస్తే బెల్టు లేకుండా క్లిప్పు ముక్క ఒకటి కొని అందులో దూర్చేస్తాడు. ఆరు బ్యాగులున్నాయిగా, ఏమవుతుందిలే అన్నది అతని ధీమా. ఆ ధీమాకి ఎంత ఆధారం ఉందో చూడాలంటే ఈ రెండు వస్తువులూ ఒంటిని ఎలా కాపాడతాయో, వాటి చరిత్ర ఏం చెబుతోందో, లెక్కలు ఎటు మొగ్గుతున్నాయో కలిపి చదవాలి. చదివితే తేలేది ఇది: ఎయిర్‌బ్యాగ్ బెల్టు పనిని పూర్తి చేయడానికి ఉన్న వస్తువు. దాన్ని బెల్టుకి బదులుగా వాడుకోబోయిన చోటల్లా ప్రాణాలు పోయాయి.

ముందు దెబ్బ సంగతి. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో కారు గోడను గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడటంతో సమానం. గుద్దిన కారు ముందుభాగం నుజ్జునుజ్జయి, అరమీటరు పైచిలుకు లోపలికి ముడుచుకుపోయి, సెకనులో పదోవంతులో ఆగిపోతుంది. కారు ఆగింది గానీ లోపలి మనిషి ఆగలేదు. అతనింకా 50 వేగంతో ముందుకే పోతున్నాడు. అతన్ని కూడా ఏదో ఒకటి ఆపాలి. ఆపేది కారుతోపాటు అరవై సెంటీమీటర్ల దూరంలో మెల్లిగా ఆపితే ఒంటి మీద పడే బలం సొంత బరువుకి పదహారు రెట్లు. స్టీరింగో డాష్‌బోర్డో అడ్డుపడి ఐదు సెంటీమీటర్లలో ఆపితే దాదాపు రెండు వందల రెట్లు. చావుబతుకుల తేడా ఈ కొద్ది సెంటీమీటర్లలోనే ఉంది. పట్టుకుని ఆపుకుంటాను అనుకునేవాళ్ళు ఒక చిన్న గుణకారం చేసుకోవాలి. డెబ్బై కిలోల మనిషికి పదహారు రెట్లంటే 1,100 కిలోల పైమాట. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోలవుతుంది. అంత బరువుని చేతులతో పట్టి ఆపే తల్లి ఎక్కడా లేదు.

బెల్టు చేసే పని మనిషిని కారుకి కట్టెయ్యడం, కారు ముందుభాగం నలగడంలో దొరికిన ఆ దూరంలో అతనికీ వాటా ఇవ్వడం. మొదట్లో విమానాల్లోలాగా నడుముకి చుట్టే పట్టీలు ఉండేవి. అవి పొట్టని నొక్కేవి, పైభాగాన్ని వదిలేసేవి. యుద్ధ విమానాల పైలట్లను సీటుతో సహా బయటికి ఎగరగొట్టే ఏర్పాట్ల మీద సాబ్ కంపెనీలో పనిచేసిన స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్, వోల్వోకి మారిన తర్వాత 1959లో మూడుచోట్ల పట్టి ఉంచే బెల్టును తెచ్చాడు. ఒక భుజం, రెండు తుంటి పక్కలు. ఒంటిచేత్తో పెట్టుకునే ఒకే క్లిప్పు. దెబ్బను ఛాతీ ఎముకలూ తుంటి ఎముకలూ పంచుకుంటాయి. అంటే ఒంట్లో గట్టి భాగాలు భారం మోస్తాయి, మెత్తటి పొట్టకి శ్రమ తప్పుతుంది. ఈ పేటెంటును ఎవరైనా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. ఇవాళ మనం నడిపే ఏ కంపెనీ కారులోనైనా ఉన్నది ఆ బెల్టే. దానికి అరవై ఏళ్ళలో కలిసిన హంగులు రెండు మాత్రం చెప్పుకోవాలి. గుద్దిన మరుక్షణమే చిన్న మందుగుండు పేలి బెల్టు వదులును గుంజేసి ఒంటికి బిగించేది ఒకటి. భారం మరీ ఎక్కువైతే ఛాతీ ఎముకలు విరగకుండా బెల్టును కొద్దికొద్దిగా వదిలేది ఇంకోటి. నిలబడి ఉన్న కారులో బెల్టును మెల్లిగా లాగండి, వస్తుంది. ఒక్క కుదుపున గుంజండి, బిగుసుకుపోతుంది. లోపలి పళ్ళచక్రం పట్టేసింది. కారు ఒక్కసారిగా వేగం తగ్గినప్పుడు కదిలి అదే చక్రాన్ని పట్టించే చిన్న గోళీ లాంటిది కూడా అక్కడే ఉంటుంది. కరెంటుతో, కంప్యూటరుతో పని లేకుండా పట్టే ఏర్పాటు ఇది.

ఎయిర్‌బ్యాగ్ దీనికి పూర్తిగా వేరే జాతి. గుద్దిందని సెన్సరు పసిగట్టి, ఇది గుంత కుదుపు కాదు నిజమైన ప్రమాదమే అని కంప్యూటరు తేల్చడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. ఆ వెంటనే ఇన్‌ఫ్లేటరులోని రసాయనం మండి గ్యాసు పుడుతుంది. సంచి గంటకి 300 కిలోమీటర్ల దాకా వేగంతో స్టీరింగు మూత చింపుకుని బయటికి వస్తుంది. కనురెప్ప కొట్టేలోపు నిండుతుంది, మనిషి తల వచ్చి ఆనగానే వెనకున్న రంధ్రాలగుండా గాలి వదులుతూ కుంగిపోతుంది. ఇందులో గమనించవలసిన మాట ఒక్కటే. తల సంచికి తగలవలసింది అది పూర్తిగా నిండి, కుంగడం మొదలయ్యాక. నిండుతూ ఉండగా తగిలితే అది మెత్తటి దిండు కాదు, ముఖం మీద పడిన పిడిగుద్దు. మనిషిని ఆ కొద్ది క్షణాలూ వెనక్కి పట్టి ఉంచేది బెల్టు. బెల్టు లేనివాడు గుద్దకముందు వేసిన బ్రేకుకే ముందుకు జారి, సంచి పుట్టే చోటికి మొహం చేర్చి కూర్చుంటాడు. బెల్టు పెట్టకపోతే బ్యాగ్ తెరుచుకోదు అని మనవాళ్ళలో ఒక మాట బాగా చలామణిలో ఉంది. మంచి ఉద్దేశంతోనే చెబుతారు గానీ చాలా కార్ల విషయంలో అది తప్పు. తెరుచుకుంటుంది, అసలు గొడవంతా అదే. కొన్ని కార్లలోనైతే బెల్టు లేదని తెలిస్తే ఇంకాస్త చిన్న దెబ్బకే తెరుచుకునేలా అమరుస్తారు. ఇక స్టీరింగులోని బ్యాగ్ ముందునుంచి తగిలే దెబ్బ కోసమే. కారు పల్టీలు కొట్టినా, పక్కనుంచి గుద్దినా దానివల్ల ఒరిగేది తక్కువ. ఒక్కసారి నిండి కుంగిందా, ఆ కారు వెళ్ళి రెండోసారి చెట్టుకి గుద్దుకుంటే అక్కడ మిగిలి ఉండేది బెల్టొక్కటే.

బెల్టు పెట్టుకోనివాళ్ళకి బ్యాగే దిక్కు అనుకున్న దేశం ఏమైందో అమెరికా చరిత్ర చెబుతుంది. అక్కడ బెల్టు పెట్టుకోమంటే జనం వినలేదు. బెల్టు పెట్టందే కారు స్టార్టు కాకుండా 1974 మోడళ్ళలో ఒక తాళం లాంటిది బిగించారు. ఎంత గోల లేచిందంటే అదే ఏడాది అక్టోబరులో కాంగ్రెస్ చట్టం చేసి మరీ దాన్ని తీయించింది. క్లిప్పు ముక్కలు కొనే మనవాళ్ళని తిట్టుకునేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, జబ్బు మనదొక్కరిదే కాదు. జనం బెల్టు పెట్టుకోరు కాబట్టి వాళ్ళ ప్రమేయం లేకుండా కాపాడేది కావాలని ఎయిర్‌బ్యాగ్ వైపు చూశారు. జాన్ హెట్రిక్ పేటెంటు 1953 నాటిది. జనరల్ మోటార్స్ 1970ల మధ్యలో కొన్ని కార్లకి పెట్టి చూసింది కూడా. ప్రభుత్వ ప్రమాణం బెల్టు లేని సగటు మగవాడి బొమ్మను గంటకి 48 కిలోమీటర్ల దెబ్బ నుంచి కాపాడమంది. అంతటి ఒంటిని బెల్టు సాయం లేకుండా ఆపాలంటే సంచి మహా జోరుగా రావాలి. ఆ జోరుకి ముందు సీట్లో కూర్చున్న పిల్లలూ, స్టీరింగుకి దగ్గరగా కూర్చునే పొట్టి ఆడవాళ్ళూ బలయ్యారు. మామూలుగా చిన్న గాయాలతో పోవలసిన ప్రమాదాల్లో బ్యాగ్ దెబ్బకే చనిపోయినవాళ్ళు 1990 తర్వాత 290 మందికి పైగా అని అక్కడి లెక్క. వాళ్ళలో అయిదింట నాలుగొంతుల పైన బెల్టు లేనివాళ్ళు, లేదా సరిగా పెట్టుకోనివాళ్ళు. 1997లో నిబంధన మార్చి సంచుల జోరు తగ్గించారు, పిల్లల్ని వెనక సీటుకి పంపమని ప్రచారం చేశారు. ఆ చావులు దాదాపు ఆగిపోయాయి. మెర్సిడెస్ మాత్రం 1980ల మొదట్లోనే ఎయిర్‌బ్యాగును బెల్టు బిగించే ఏర్పాటుతో కలిపి అమ్మింది. ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్నది ఆ దారిలోనే. మన స్టీరింగు మీద ఎస్‌ఆర్‌ఎస్ అని మూడక్షరాలుంటాయి. అందులో మొదటి అక్షరానికి అర్థం అదనపుది అని.

ఇప్పుడు అంకెలు. అమెరికా రహదారి భద్రతా సంస్థల అంచనా ప్రకారం ముందు సీట్లో ఉన్నవాళ్ళకి మూడుచోట్ల పట్టే బెల్టు ప్రాణాపాయాన్ని 45 శాతం తగ్గిస్తుంది. ముందునుంచి తగిలే దెబ్బలనే విడిగా తీసుకుంటే బెల్టు ఒక్కటే 50 శాతం, బ్యాగ్ ఒక్కటే 34 శాతం, రెండూ కలిస్తే 61 శాతం. ఈ మూడంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే వాదన చాలామటుకు అక్కడే తేలిపోతుంది. బెల్టున్న మనిషికి బ్యాగ్ కలిపేది పదకొండు పాయింట్లు. బ్యాగ్ మాత్రమే ఉన్న మనిషికి బెల్టు కలిపేది ఇరవై ఏడు. ఇలాంటి అంకెల్ని ఊరికే నమ్మకూడదన్న అభ్యంతరం న్యాయమైనదే. బెల్టు పెట్టుకునేవాడు స్వతహాగా జాగ్రత్తపరుడు, అతను బతికింది బెల్టు వల్లా జాగ్రత్త వల్లా అని అడగొచ్చు. దీనికి జనరల్ మోటార్స్ శాస్త్రజ్ఞుడు లియోనార్డ్ ఇవాన్స్ 1986లో ఒక చక్కటి ఉపాయం పన్నాడు. ఒకే కారులో ఉన్న ఇద్దరినీ పోల్చాడు: పక్కవాడికి ఎంత దెబ్బ తగిలిందన్నది ఆ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పే కొలబద్ద. డ్రైవరు జాగ్రత్తా, బండి వేగమూ ఇద్దరికీ ఒకటే కాబట్టి మిగిలే తేడా బెల్టుదే. అలా లెక్కవేసినా ఫలితం 43 శాతం దగ్గరే నిలిచింది.

మన దేశపు అంకెలకి వస్తే, కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. బెల్టు పెట్టుకోక చనిపోయినట్టు రాసినవాళ్ళు 16,715. అందులో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. ఈ పదహారు వేల మందీ బెల్టుంటే బతికేవాళ్ళని పత్రికలు ప్రతి ఏడూ రాస్తుంటాయి. అలా చెప్పడం తప్పు. బెల్టు సగానికి కాస్త తక్కువ మందినే కాపాడుతుందని పైన చూశాం. ఆ లెక్కన ఏడు వేల అయిదు వందల చిల్లర. వెనక సీటు ప్రయాణికులకి, లారీ డ్రైవర్లకి అది కొంత అటూ ఇటూ అవుతుంది. అంత తగ్గించి చెప్పినా రోజుకి ఇరవై మంది. నాకు ఆశ్చర్యం కలిగించేది రెండో అంకె. ప్రయాణికులు డ్రైవర్లతో దాదాపు సమానం. చలానా భయం డ్రైవరుకే గాని వెనక సీటుకి లేదన్న సంగతి అందులో కనబడుతుంది. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న మెర్సిడెస్ గోడకి గుద్దుకుంది. వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు, వాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందున్న ఇద్దరూ తీవ్ర గాయాలతో బయటపడ్డారు. కారు నాసిరకమనీ, బ్యాగులు లేవనీ అనడానికి లేదు. మనవైపు 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ నల్గొండ దగ్గర అన్నేపర్తి వద్ద తన కారు తానే నడుపుతూ డివైడరుకి గుద్ది బయటికి విసిరివేయబడ్డారు. ఆయనా బెల్టు పెట్టుకోలేదనే పోలీసులు చెప్పారు. కారు బోల్తాపడినప్పుడు బయటికి ఎగిరిపడటం కంటే పెద్ద అపాయం లేదు. అలా పడినవాళ్ళలో చాలామంది చనిపోతారు, అక్కడ ఆరు బ్యాగులున్నా మనిషిని లోపల పట్టి ఉంచే పని ముఖ్యంగా బెల్టుదే.

వెనక సీట్లో ముందు సీటే దిండులా అడ్డుంటుంది కదా అంటారు. ఆ దిండులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడని మరిచిపోతారు. బెల్టు లేని వెనక ప్రయాణికుడు తన బరువుకి ఎన్నో రెట్ల బలంతో ముందు సీటు మీద పడతాడు. ముందున్నవాడు బెల్టు పెట్టుకున్నా రెండువైపుల నుంచీ నలిగిపోతాడు. జపాన్ ప్రమాదాల మీద టోక్యో పరిశోధకులు 2002లో వేసిన లెక్కలో ముందువాళ్ళ ప్రాణాపాయం ఇలా దాదాపు అయిదు రెట్లయింది. రెండేళ్ళ తర్వాత అమెరికా సమాచారంతో ఇంకొందరు చేసిన అధ్యయనంలో పెరుగుదల 20 శాతం దగ్గరే ఆగింది. రెండో అంకే నమ్మదగ్గదని నాకనిపిస్తుంది. అయిదు రెట్లన్నది మరీ పెద్దది. అయినా 20 శాతమంటే, తన బెల్టు తను పెట్టుకోవడం సొంత విషయం అనే వాదనకి అక్కడితో చోటు పోయినట్టే.

బెల్టు మీద మనవైపు బలంగా ఉన్న భయం వేరొకటి. కారు కాలవలో పడితే, మంట అంటుకుంటే బెల్టులో ఇరుక్కుపోతాం కదా? కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలవగట్ల మీద రాత్రిపూట బండి నడిపేవాళ్ళకి ఈ భయం ఊరికే పుట్టలేదు, ఏటా ఎక్కడో ఒకచోట ఆ వార్త వస్తూనే ఉంది. కానీ మొత్తం ప్రమాదాల్లో నీళ్ళూ నిప్పూ కలిపి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ ఒక్కదాంట్లోనూ గట్టు దిగి నీళ్ళలో పడేటప్పుడు తగిలే దెబ్బకి తల పగిలి స్పృహ తప్పినవాడు, బెల్టు లేకపోయినా తలుపు తీసుకుని రాలేడు. బెల్టు పెట్టుకుని స్పృహతో ఉన్నవాడికి నొక్కవలసింది ఒక్క ఎర్ర బటను. గర్భిణులకి బెల్టు ప్రమాదమన్న మాట కూడా ఇలాంటిదే. కింది పట్టీ పొట్ట కిందగా తుంటి మీంచి, పై పట్టీ రొమ్ముల మధ్యగా పోనిస్తే తల్లికీ బిడ్డకీ అదే మేలని వైద్యులు చెబుతారు.

అంతకంటే తెలివైన అభ్యంతరం అర్థశాస్త్రవేత్తల నుంచి వచ్చింది. భద్రత పెరిగితే డ్రైవరు ఆ ధీమాతో ఇంకా జోరుగా నడుపుతాడు, నష్టం పాదచారుల మీద పడుతుంది అని 1975లో శామ్ పెల్ట్జ్‌మన్ అన్నాడు. లండన్ భూగోళ శాస్త్రజ్ఞుడు జాన్ ఆడమ్స్ బ్రిటన్ చట్టం మీద అదే విమర్శ చేశాడు. బ్రిటన్‌లో ముందు సీటు బెల్టు 1983 జనవరి 31 నుంచి తప్పనిసరైంది, మూడేళ్ళు చూసి శాశ్వతం చేశారు. హార్వే, డర్బిన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు ఆ సమాచారాన్ని తవ్వితే చనిపోయిన, తీవ్రంగా గాయపడిన డ్రైవర్లు 23 శాతం, ముందు ప్రయాణికులు 30 శాతం తగ్గారని తేలింది. పాదచారుల్లో, సైకిలు మీద వెళ్ళేవాళ్ళలో కొంత పెరుగుదలా కనిపించింది. ఆడమ్స్ మాటని పూర్తిగా కొట్టిపారేయకుండా నేను ఇక్కడ ఆగడానికి కారణం ఆ చిన్న పెరుగుదలే. కానీ నా అనుమానం ఏమిటంటే, ధీమా పెంచే గుణం బెల్టు కంటే బ్యాగుకే ఎక్కువ. బెల్టు ప్రతి ప్రయాణంలోనూ ఛాతీ మీద ఒత్తుకుంటూ ప్రమాదాన్ని గుర్తుచేస్తుంది. బ్యాగ్ కనబడదు, బ్రోచర్లో అంకెగా మాత్రమే ఉంటుంది.

ఇదంతా కార్లున్నవాళ్ళ గొడవ, 2022లో పోయినవాళ్ళలో ద్విచక్ర వాహనాలవాళ్ళు 44.5 శాతమైతే కార్లవాళ్ళు 12.5 శాతమే కదా అన్నది ఇంకో మాట. నిజమే. హెల్మెట్టు, ఫుట్‌పాతు మీద పెట్టవలసిన శ్రద్ధని తగ్గించమని ఈ వ్యాసం అనదు. అయితే బెల్టుకి కొత్తగా ఖర్చేమీ లేదు, అది ఇప్పటికే కారులో ఉంది. ఈ కారణంగానే ఆరు బ్యాగుల చర్చ నాకు కాస్త అసహనం కలిగిస్తుంది. 2022 జనవరిలో ముసాయిదా వచ్చింది, గడువు వెనక్కి జరిగింది, చివరికి 2023లో తప్పనిసరి చేయబోమని కేంద్ర మంత్రి ప్రకటించారు. ముందు సీట్లకి రెండు బ్యాగులు అప్పటికే తప్పనిసరి. పక్కనుంచి తగిలే దెబ్బకి పక్క బ్యాగులు నిజంగా పనికొస్తాయి, వాటిని కాదనలేం. ఆ చర్చ నడిచిన రోజుల్లోనే అలారం నొక్కేసే క్లిప్పులు ఆన్‌లైన్‌లో పదమూడు వేల చోట్ల అమ్మకానికి ఉన్నట్టు తేలి, 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివాటిని తీసేయమంది. ఒక చేత్తో బ్యాగులు పెంచమంటూ మరో చేత్తో బెల్టు అలారం నోరు నొక్కే మార్కెట్టు మనది.

బ్యాగే ప్రాణం తీసిన కథా ఉంది కదా అంటే, ఉంది. జపాన్ కంపెనీ తకాటా ఇన్‌ఫ్లేటర్లలో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ళతరబడి వేడికీ గాలిలో తేమకీ అది చెడి, పేలినప్పుడు లోహపు తొడుగు ముక్కలై మనుషులకి గుచ్చుకుంది. ప్రపంచమంతా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు, కంపెనీ 2017లో దివాలా తీసింది. వేడీ ఉక్కా కలిసిన కోస్తా ఊళ్ళలో పాత కారు నడుపుతున్నవాళ్ళు తయారీదారు వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి తమ కారు ఆ జాబితాలో ఉందేమో చూసుకోవాలి, మార్చడం ఉచితం. ఇది బ్యాగుని మానేయడానికి కారణం కాదు. అది మందుగుండుతో పనిచేసే వస్తువని గుర్తుంచుకోవడానికి కారణం. డాష్‌బోర్డు మీద ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోటనే జిగురు పెట్టి దేవుడి బొమ్మ అతికిస్తాం. సంచి చింపుకుని వచ్చేది ఆ మూతనే, బొమ్మ అంతే వేగంతో ఎదుటి ముఖం మీదికి వస్తుంది. స్వామిని అక్కణ్ణుంచి జరపడం అపచారం కాదు. అలాగే ఛాతీకీ స్టీరింగుకీ మధ్య జానెడు పైన, పాతిక సెంటీమీటర్ల దూరం ఉండాలి. బ్యాగున్న ముందు సీట్లో వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు ఎన్నడూ బిగించకూడదు.

ఇక కారు సంగతి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన మార్కెట్టులోని కొన్ని కార్ల ప్రాథమిక మోడళ్ళను గుద్దించి చూస్తే అన్నిటికీ సున్నా చుక్కలే వచ్చాయి. వాటిలో కొన్నింటి పంజరం నిలిచింది గానీ బ్యాగులు లేవు. కొన్నింటి పంజరమే కూలింది, అలాంటివాటికి బ్యాగులు తగిలించినా పెద్ద లాభముండదని ఆ సంస్థే చెప్పింది. 2018లో టాటా నెక్సాన్ అయిదు చుక్కలు తెచ్చుకుంది, 2023లో మన దేశపు సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. ఈ పరీక్షలో కూర్చోబెట్టే బొమ్మలకి ముందుగా బెల్టులు పెడతారు. అయిదు చుక్కల కారులో బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి ఆ చుక్కలేవీ వర్తించవు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద కుడివైపు వరసల్లో 120 దాకా పోనిస్తున్నారు. ఆ వేగంలో దెబ్బ 60లో తగిలేదానికి రెట్టింపు కాదు, నాలుగింతలు.

మోటారు వాహనాల చట్టం 194బి కింద బెల్టు లేకపోతే వెయ్యి రూపాయలు. వెనక సీటు వాళ్ళకీ నిబంధన ఎప్పట్నుంచో ఉంది. మన కార్లలో వెనక బెల్టు క్లిప్పులు చాలావాటికి సీటు కవరు కింద ఉండిపోయాయి, కొన్నప్పుడు కుట్టించిన కవరు వాటిని కప్పేసింది. వాటిని పైకి లాగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈసారి ఊరికి బయల్దేరేముందు ఆ పని చేయండి.